పల్లంలో ఇళ్ళు వద్దన్న మాట

మొన్న పేపర్లో ఒక ఫొటో చూశాను. వాతావరణ మార్పుల గురించి శాస్త్రవేత్తలనూ, ప్రభుత్వ విధానాలు రాసే అధికారులనూ ఒకచోట కూర్చోబెట్టిన సదస్సట. వేదిక చివర, మెడలో కార్డు వేసుకుని ఒక దుబాసీ నిలబడి ఉన్నాడు. "ఒకప్పుడు మీరు గూడ గిట్లనే నిలబడేటోళ్ళు గద" అని మా ఆవిడ మురిసిపోతుంటే, నేను పేపరు మడిచి అవతల పెట్టేశాను.

నా వయసు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో గూడెం వాళ్ళ మాట పైవాళ్ళకు చేరాలంటే మధ్యన నాలాంటివాడొకడు ఉండాల్సిందే. ఉద్యోగం కొత్తలో అడవి అంచు బడిలో పంతులుగా పనిచేసి కోయ భాష నేర్చుకున్నవాణ్ణి కావడంతో భద్రాచలంలో ఏ సభ జరిగినా నన్నే పిలిచేవారు, ఆ గర్వం కూడా నాకు కాస్త ఎక్కువగానే ఉండేది. గూడెం వాళ్ళు ఎంతసేపు ఏం మాట్లాడినా, వాళ్ళు అన్నా అనకపోయినా, చివర్లో "అయ్యగార్లకు కృతజ్ఞతలు చెబుతున్నారు" అని ముగించడం మా దుబాసీల అలవాటు. అది మర్యాద అనుకునేవాళ్ళం.

అలాంటి సభకే ఒకసారి ఢిల్లీ నుంచి శాస్త్రవేత్తలు వచ్చారు. వాగు పక్క గూడెం నుంచి ఒక పెద్దావిడ లేచి, నెలంతా పంచుకుని కురిసే వాన ఇప్పుడు రెండు రోజుల్లో కుమ్మరిస్తోందనీ, గోదారి పొంగితే వాగు వెనక్కి తన్ని పల్లాన్ని ముంచుతోందనీ, తమకు కట్టబోయే ఇళ్ళు ఆ పల్లంలో వద్దు, గుట్ట వైపు కట్టండనీ నిదానంగా కోయలో చెప్పుకొచ్చింది. శాస్త్రవేత్తలు రాసుకోవడానికి పెన్నులు తీశారు. అప్పటికే భోజనాల వేళ దాటింది, పైగా ఆ స్థలం ఖరారు చేసిన మా పెద్దసారు నా వైపే చూస్తున్నాడు. వానలు మారాయంటోంది, ఇళ్ళు ఇస్తున్నందుకు కృతజ్ఞతలు చెబుతోంది అని ఇంగ్లీషులో రెండు ముక్కల్లో తేల్చేశాను. అందరూ చప్పట్లు కొట్టారు. తన మాట అందిందనుకుని ఆమె నాకు దండం పెట్టింది.

ఇళ్ళు పల్లంలోనే లేచాయి. కొన్నేళ్ళకు వాగు ఆమె చెప్పినట్టే వెనక్కి తన్నింది. మనుషులు బయటపడ్డారు గానీ గొడ్లూ విత్తనాలూ కొట్టుకుపోయాయి. బడిలో పెట్టిన శిబిరానికి, కొత్తగా వచ్చిన అధికారి వెంట నేనూ వెళ్ళాను. అక్కడ కట్టొద్దని ముందే ఎవరూ చెప్పలేదా అని ఆయన విసుక్కుంటుంటే, ఆమె నన్ను చూపించి తనకొచ్చిన కాస్త తెలుగులో అన్నది, "ఈ సారు చెప్పిండు. అందరి ముందట చెప్పిండు. మీవోళ్ళే ఇనలే."

ఆయన నా భుజం తట్టాడు. నేను కాదనలేదు.

ఇప్పుడు గూడేల పిల్లలు డిగ్రీలు చదివి, మైకు పట్టుకుని తమ మాట తామే చెప్పుకుంటున్నారు. నాలాంటివాడి అవసరం తగ్గింది, మంచిదే. ఆమె మాత్రం బతికున్నన్నాళ్ళూ, సంతలో కనబడినప్పుడల్లా, తమ తరఫున మాట్లాడినవాణ్ణని నా చేతిలో ఇంత ఇప్పపువ్వు పెట్టి వెళ్ళేది. ఒక్కసారైనా ఆమెను ఆపి, నేను చెప్పలేదమ్మా అని ఆమె భాషలోనే చెప్పి ఉండాల్సింది. ఆ భాష నాకు బాగానే వచ్చు.