దామోదరం దొంగ ప్రమాణం

దామోదరం ఈ లోకంలో నమ్మేది ఒక్క కాణిపాకం వినాయకుణ్ణి. మిగతా వాళ్ళెవరైనా సరే, ఆ స్వామి మీద ప్రమాణం చేశాకే ఆయన దృష్టిలో మనుషులు. దొంగ ప్రమాణం చేస్తే వినాయకుడు ఊరుకోడని చిత్తూరు వైపు పసిపిల్లలకు కూడా తెలుసు. అందుకే దామోదరం చొక్కా జేబులో ఎప్పుడూ కర్పూరం పొట్లం ఉంటుంది. వెలిగించాలి, ఎదుటివాళ్ళు అరచేత్తో ఆర్పాలి, అప్పుడు ఆయన నమ్మాలి.

పాకాల స్టేషన్ ఎదుట టీ కొట్టు మునెయ్యకు ఇది రోజూ ఉండే గొడవే.

"పాలల్లో నీళ్ళు కలిపినావా మునెయ్యా?"

"లేదన్నా."

"ఆర్పు కర్పూరం."

మునెయ్య ధైర్యంగా ఆర్పేవాడు. నీళ్ళు కలిపేది ఇంట్లో పెళ్ళాం కదా, తనకేం భయం?

ఇక దామోదరం భార్య జ్ఞానాంబ సంగతి చెప్పనే అక్కర్లేదు. చట్నీలో ఉప్పు సరిపోయిందని చెప్పడానికి కూడా కర్పూరం ఆర్పిన ఇల్లాలు ఆవిడ.

ఇలాంటి మనిషికి సిమెంటు బాగా అమ్మాడని కంపెనీవాళ్ళు భార్యతో సహా విదేశయాత్ర ఇచ్చారు. ఏ దేశానికి? ఒకే పార్టీ, ఒకే నాయకుడు, ఏ గోడ చూసినా ఆయన బొమ్మే ఉండే దేశానికి. ఆయన్ని ఒక్క మాటంటే అన్న మనిషి మళ్ళీ కనపడడట. జ్ఞానాంబకు పెట్టె సర్దేటప్పుడే చెమటలు పట్టాయి.

"ఏమయ్యా, ఆడ ఎవుర్నీ ప్రమాణం అడగబాకు. నీకు దండం పెడతా."

"అడగన్లే."

"అయితే ఆర్పు కర్పూరం!"

దామోదరం బిత్తరపోయాడు. పొట్లం మాత్రం తియ్యలేదు.

అక్కడ వాళ్ళ బస్సుకు గైడు లీనా. తమిళనాడు వేలూరులో చదువుకుని వచ్చిన ఆ దేశపు పిల్ల, అరవం గడగడా మాట్లాడుతుంది. పాకాల వాళ్ళకు అరవం ఒక లెక్కా? మొదటి పూటకే దామోదరం ఆమెకు తాతయ్యాడు. జ్ఞానాంబ ఇచ్చిన మురుకులు నములుతూ ఆ పిల్ల, "మా నాయకుడి పాలనలో ఆకలి లేదు, కరెంటు పోదు, అందరం సంతోషం" అని వల్లించేది.

మర్నాటికే దామోదరం ఆగలేకపోయాడు. బస్సు బ్రేకులు బాగున్నాయని డ్రైవరు చేత కర్పూరం ఆర్పించాడు. ఆ తర్వాతి రోజు నాయకుడి పెద్ద విగ్రహం ముందు బస్సు ఆగింది. లీనా పాత పాఠం మొదలెట్టింది. దామోదరం చెయ్యి జేబులోకి పోయింది. జ్ఞానాంబ మోచేత్తో పొడిచినా లాభం లేకపోయింది.

"కరెంటు పోనే పోదా? యాడ, ఆర్పు పాపా, సూద్దాం."

లీనా కర్పూరం వైపు చూసింది. అటూ ఇటూ చూసింది. గొంతు తగ్గించి, "ఆర్పలేను తాతా" అంది.

దామోదరానికి ఆనందం ఆగలేదు. "సూసినారా! మనిషంటే ఇదప్పా! ఈ పాప దొంగ ప్రమాణం సెయ్యదు!" అని బస్సంతా దద్దరిల్లేలా చప్పట్లు కొట్టాడు.

డ్రైవరుకు అరవమూ రాదు, తెలుగూ రాదు. కానీ కర్పూరం ఎందుకో నిన్ననే నేర్చుకున్నాడు.

సాయంత్రానికి హోటలుకు యూనిఫాం వేసుకున్న అధికారి వచ్చాడు. గోడ పక్కన లీనా నిలబడి ఉంది, ముఖంలో నెత్తురు చుక్క లేదు. అధికారి ఇంగ్లీషును వాళ్ళతో వచ్చిన సిమెంటు కంపెనీ మేనేజరు జయరామ్ తెలుగులో చెప్పాడు. "ఈ అమ్మాయి మా నాయకుడి గురించి ఏమంది? కర్పూరం ఎందుకు ఆర్పలేదు? మీరు ప్రమాణం లేకుండా ఎవరినీ నమ్మరటగా. మేమూ అంతే. ఆర్పి చెప్పండి."

జ్ఞానాంబ మొగుడి వైపు చూసింది. నిజం చెబితే పిల్ల గతి ఏమిటో. అబద్ధం చెబితే వినాయకుడు ఊరుకోడు. అందులోనూ ఈయన జన్మలో అబద్ధమాడిన మనిషి కాడు.

దామోదరం పొట్లం విప్పాడు. అగ్గిపెట్టె లేక అధికారి లైటరే అడిగి వెలిగించాడు.

"కాణిపాకం వినాయకుడి సాక్షిగా సెప్తాండా. ఈ పాప మీ నాయకుణ్ణి దేవుడనింది. అంత పెద్దాయన పాలనకు ప్రమాణం అడుగుతావా, ఆర్పను పో, అని నన్నే తిట్టింది. ఆ భక్తికి మురిసిపోయి సప్పట్లు కొట్టినా."

అరచేత్తో టప్పున ఆర్పేశాడు. అధికారి ఆ మసి అంటిన చేతిని కాసేపు చూసి, లైటరు తీసుకుని, లీనాను పొమ్మని సైగ చేశాడు. పోతూ పోతూ ఆ పిల్ల జ్ఞానాంబ చెయ్యి గట్టిగా నొక్కింది.

తిరుగు ప్రయాణంలో దామోదరం చెన్నైలో దిగి ఇంటికి కూడా పోకుండా నేరుగా కాణిపాకం చేరాడు. తలకు పోసుకుని తడిబట్టలతో స్వామి ముందు నిలబడ్డాడు.

"స్వామీ, నీ మీద దొంగ ప్రమాణం సేసినా. కండ్లే తీసుకుంటావో, కాళ్ళే తీసుకుంటావో నీ ఇష్టం. మళ్ళా అదే గతి వస్తే మళ్ళా సేస్తా. అదీ ముందే సెప్తాండా."

వెనక నిలబడ్డ జ్ఞానాంబకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. ఎన్నేళ్ళ తర్వాతో మొగుడు ముద్దొచ్చాడు. బయటికి రాగానే ముఖంలో ముఖం పెట్టి అడిగింది.

"కండ్లు కనపడతాండాయా?"

"నీ ముక్కుపుడక వంకరగా ఉండాది."

మర్నాడు మునెయ్య టీ ఇస్తూ తనే చెయ్యి చాచాడు. "నీళ్ళు కలపలేదన్నా. తియ్యి కర్పూరం."

"వద్దులేప్పా. ఎవురి కష్టం ఎవురికి తెలుసు? నువ్వు సెప్పినావు, నేను నమ్మినా."

వారం తిరక్కుండా మునెయ్య జ్ఞానాంబను వెతుక్కుంటూ వచ్చాడు.

"అక్కా, నీకు పుణ్యముంటాది, అన్న జేబులో ఆ కర్పూరం మళ్ళా పెట్టు. ఊరికే నమ్మేస్తాంటే మోసం సేసేదానికి మనసు రాక, ఇంట్లో ఆడమనిషిని కూడా నీళ్ళు కలపనీకుండా తిడతాండా. ఇట్లయితే అంగడి మూసుకోవాల్సిందే!"