మామగారి బకెట్ పరీక్ష

మా మామగారు మునిసిపల్ నీటి సరఫరాలో ఇంజనీరుగా రిటైరయ్యారు. ఎక్కడ కుళాయి కనబడినా కింద బకెట్ పెట్టి, ఎంతసేపట్లో నిండుతుందో వాచీ చూసేవారు. విమానం దిగి ఇర్వింగ్‌లో మా ఇంటికొచ్చిన మొదటి రోజే మూడు బాత్రూములూ అయిపోయాయి.

నాకప్పుడు నా ట్రక్కుదే దిగులు. ఇంజన్ జోరు పెరగాలని పెద్ద టర్బో పెట్టించాక, హైవే మీద యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే చాలు, లారీల మధ్య చతికిలబడేది. మా ఆవిడ ఇక అది ఎక్కనని ఒట్టు పెట్టుకుంది.

“ఫ్యూయల్ పంపు కొత్తది వేశాను మామయ్యగారూ. బండి ఆగి ఉన్నప్పుడు ప్రెజర్ బాగానే చూపిస్తోంది.”

“కుళాయిలన్నీ కట్టేసి ఉంటే మా ఊళ్లోనూ బాగానే చూపించేది బాబూ. బకెట్ పట్టుకురా.”

ఇంజన్ దగ్గర డీజిల్ పైపు ఊడదీయించి, పంపు ఆన్ చేయించి, బకెట్‌లో పడుతున్న ధారనూ వాచీనీ మార్చి మార్చి చూశారు. “చివరి వీధికి అందట్లేదు” అని తేల్చి, పైపు వెంబడే ట్రక్కు కిందకి దూరారు. ట్యాంకు పక్కన నేను బిగించిన గొట్టమే మడతపడి ఉంది.

ఆయన తిరుగు ప్రయాణానికి ఆ ట్రక్కులోనే ఎయిర్‌పోర్టుకు వెళ్లాం. అక్కడ మా ఆవిడ భోరుమంది. ఆయన కూతురి గడ్డం కింద అరచెయ్యి పట్టి, వాచీ చూసుకున్నారు.