కనకయ్య చెట్టు మీది నుంచి చూసింది

తాడిచెట్టు ఎక్కే ముందు కనకయ్య ఒకసారి గట్టిగా కేక వేస్తాడు. "ఎక్కుతున్నా!" అని, ఒక్క మాటే. ఊరి చివరి ఇళ్లలో ఆడవాళ్లు దడి చాటున స్నానం చేసే రోజుల నాటి అలవాటది. అరవై అడుగుల పైనుంచి చూస్తే ఏ ఇంటి పెరడైనా దాగదు. కేక వినబడగానే వాళ్లు లోపలికి వెళ్లేవారు, లేదంటే చీర కప్పుకునేవారు. ఇప్పుడు ప్రతి ఇంటికీ బాత్రూం ఉంది. అయినా అతను కేక మానలేదు.

పదిహేనో ఏట తండ్రి అతని నడుముకు మోకు కట్టి మొదటి చెట్టు ఎక్కించినప్పుడు రెండే సంగతులు చెప్పాడు. "తాగి ఎక్కకు. పైన ఏం కండ్లవడ్డా కిందికొచ్చి చెప్పకు." నలభై రెండేళ్లు కనకయ్య ఆ రెండూ తప్పలేదు. ఎవరి గట్టు ఎవరు జరిపారో, ఎవరి చేలో ఎవరి బర్రె పడిందో, ఏ పిల్ల ఏ పిల్లగాడితో కాలువ గట్టున మాట్లాడిందో అన్నీ అతనికి తెలుసు. భార్య సరోజన కూడా అతని నోట ఒక్క ముచ్చట రాబట్టలేకపోయింది. "ఈయనకు కండ్లున్నయి గానీ నోరు లేదు" అని విసుక్కునేది.

నర్మెట్ట మండలంలో, జనగామ రోడ్డు వదిలి లోపలికి వెళ్తే వస్తుంది వాళ్ల ఊరు. గీత సంఘం పంచిన వాటాలో కనకయ్యకు ఇరవై చెట్లు దక్కాయి. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఎక్కి గీసి, లొట్లనే కల్లు కుండలు దించి, చెట్ల కింద తాటికమ్మల పందిరిలో కల్లు అమ్ముతాడు. ఆ పందిరినే ఊళ్లో మండువా అంటారు. తాటాకు దొప్పలో పట్టే మొదటి ఆకు కల్లు ఎప్పుడూ తనే తాగి చూస్తాడు, తరువాతే ఇంకొకరికి పోస్తాడు.

ఆ చెట్లకు ఎదురుగా కాలువ, కాలువ దాటగానే ఉమ ఇల్లు. భర్త కామెర్లతో పోయినప్పుడు ఉమకు ముప్పై ఏళ్లు, కూతురు అక్షయ నాలుగో తరగతి. ఉమ పుట్టింటికి పోలేదు. ముందు గదిలో కుట్టు మిషన్ పెట్టుకుంది. ఆమె కుట్టిన జాకెట్టుకు మెడ దగ్గర ముడత పడదని నర్మెట్ట నుంచి కూడా వచ్చేవారు. మోకు రాపిడికి నడుము దగ్గర చిరిగిపోయే కనకయ్య నిక్కర్లకు గుడ్డ వేసి ఇచ్చేది ఆమే. "మామా, ఈసారి మందం గుడ్డ ఏసిన. చెట్టన్న అరగాలె గానీ ఇది అరగది" అని నవ్వేది. అలా కుట్టి కుట్టి కూతురిని మహబూబాబాద్‌లో నర్సింగ్ చదువులో చేర్పించింది.

నాలుగేళ్లుగా నిరంజన్ మోటారు సైకిల్ ఆ ఇంటి వెనక ఆగడం కనకయ్య చూస్తూనే ఉన్నాడు. నిరంజన్‌కు పదిహేను ఎకరాల తరి పొలం, ఊళ్లో పలుకుబడి. పిల్లల చదువుల కోసం భార్యను జనగామలో ఉంచి తను అటూ ఇటూ తిరిగేవాడు. ఉమ అతన్ని ఇష్టపడింది. అతను వచ్చే రోజు పెరట్లో మల్లెలు తెంపుకునేది. కనకయ్య తల అటు తిప్పుకుని గీసుకునేవాడు. ఇద్దరూ పెద్దవాళ్లు, వాళ్ల బతుకు వాళ్లది అనుకునేవాడు.

ఆ ఏడు ఎండాకాలం ఎంపీటీసీ ఎన్నికలు వచ్చాయి. నిరంజన్ నిలబడతాడని ఊరంతా అనుకుంటున్నారు.

ఏప్రిల్ మొదటివారంలో ఒక మధ్యాహ్నం, ఎండ ఇంకా దిగలేదు. మండువాలో ఎవరూ లేరు. నిరంజన్ ప్లాస్టిక్ బాటిల్ పట్టుకుని వచ్చాడు.

"కనకయ్యా, రెండు లీటర్లు పోయి. పొద్దటిదైనా పర్వలే."

"కూసో పటేలా, ఒక ఆకు తాగి పో. చల్లగున్నది."

"వద్దు. కడుపుల బాగలేదు. చుట్టాలొచ్చిండ్రు, వాళ్లకు."

మండువాకు వచ్చి తాగకుండా పోయిన రోజు నిరంజన్‌కు లేదు. కనకయ్య ఆ మాట మనసులో అనుకుని, బాటిల్ నింపి ఇచ్చి, బండి కదలగానే సాయంత్రం గీతకు కాస్త ముందే కాలువ పక్క చెట్టు ఎక్కాడు. ఆ చప్పుడులో అతని కేక నిరంజన్‌కు వినబడలేదు. పైన కూర్చుని కత్తి తీస్తుంటే కాలువ మీది చిన్న వంతెన, మోరీ దగ్గర మోటారు సైకిల్ ఆగి ఉంది. నిరంజన్ బాటిల్ మూత తీశాడు. చొక్కా జేబులోంచి చిన్న సీసా తీసి బాటిల్‌లోకి వంపాడు. మూత పెట్టి ఊపాడు. నురగ పొంగి చేతి మీద పడితే రుమాలుతో తుడుచుకున్నాడు. ఆ సీసానూ రుమాలునూ సర్కారు తుమ్మ పొదల్లోకి విసిరేసి బండి ఎక్కి ఉమ ఇంటి వైపు తిప్పాడు.

కల్లులో సారా కలుపుకునేవాళ్లు కొందరుంటారు. అలాంటిదేదో అనుకున్నాడు కనకయ్య. బండి ఉమ ఇంటి వెనక ఆగగానే ఎప్పటిలాగే తల తిప్పుకున్నాడు.

తెల్లారి జాకెట్టు కోసం వెళ్లిన రుక్కి ఉమ నేల మీద పడి ఉండడం చూసి అరిచింది. ఆటోలో జనగామ దవాఖానకు తీసుకెళ్తుంటే దారిలోనే ప్రాణం పోయింది. మంచం పక్కన గ్లాసులో అడుగున కాస్త కల్లు మిగిలి ఉంది. ఇంట్లో బాటిల్ మాత్రం లేదు.

పొద్దెక్కేసరికి ఊరంతా ఒకటే మాట. ఉమ కల్లు తాగి చచ్చిపోయింది. కనకయ్య ఏదో మందు కలిపాడు.

ఎక్సైజు వాళ్లు వచ్చి లొట్లలోంచి కల్లు పట్టుకుని పరీక్షకు పంపారు. రిపోర్టు వచ్చేదాకా అమ్మవద్దన్నారు. పోలీసులు అడిగారు, ఉమ నీ దగ్గర కల్లు కొన్నదా అని. "ఆమె రాలే సార్" అన్నాడు కనకయ్య. అది నిజమే. మరి ఎవరు తీసుకెళ్లారంటే, "మస్తుమంది తీస్కపోతరు" అన్నాడు. అది కూడా నిజమే. ఆ రెండు నిజాలూ చెప్పి ఇంటికి వచ్చి, అన్నం కంచం పక్కకు జరిపి లేచాడు.

మూడో రోజు నిరంజన్ పదిమందిని వెంటేసుకుని మండువాకు వచ్చాడు. "ఇసుంటి కల్లు మా ఊర్లె వద్దు. ఒక ఆడిమనిషి పానం పోయింది. నాకే గిట్లున్నది, కన్నతల్లికి ఎట్లుండాలె" అన్నాడు. అంటూ కళ్లు తుడుచుకున్నాడు. కనకయ్య అతని చేతినే చూస్తూ నిలబడ్డాడు.

గీత నాలుగు రోజులు ఆపితే గెల ఎండిపోతుంది, ఆ ఏటికి చెట్టు కల్లు పారదు. అందుకని రోజూ రెండు పూటలా ఎక్కాడు. కేక వేసి ఎక్కడం, గీయడం, లొట్టి దించడం, అందరూ చూస్తుండగా ఒక ఆకు తను తాగి మిగతాది నేల మీద పారబోయడం. చెట్ల కింద మట్టి పులిసిన వాసన కొట్టేది. నిరంజన్ బాటిల్ నింపిన రోజు సాయంత్రం అదే లొట్టిలోంచి తాగిన ఆరుగురు ఊళ్లోనే తిరుగుతున్నారు, వాళ్లు కూడా అటు రావడం మానేశారు.

అతన్ని తినేసింది కల్లు నేలపాలు కావడం కాదు. పైనుంచి ఒక్క కేక వేసి ఉంటే, "ఏం కలుపుతున్నవ్ పటేలా?" అని ఒక్క మాట అడిగి ఉంటే ఏమయ్యేదో. ఆ ఆలోచన చెట్టు మీద కూర్చున్నప్పుడల్లా వచ్చేది. ఇప్పుడైనా చెబుదామంటే, చెప్పిన మరుక్షణం ఉమ పేరు ఊరంతా నలుగుతుంది. పెళ్లి కావలసిన ఆడపిల్ల ఉంది. చెప్పకపోతే చంపినవాడు ఓట్లు అడుక్కుంటూ ఆ పిల్ల గుమ్మం ముందుకే వస్తాడు.

పదకొండో రోజు దినం. కర్మకాండ అయిపోయి చుట్టాలు వెళ్లిపోయాక కనకయ్య, బిడ్డ పోయిందని వచ్చి ఆ ఇంట్లోనే ఉండిపోయిన ఉమ తల్లి ఎల్లక్క దగ్గరికి వెళ్లాడు. ఆమె అరుగు మీద కూర్చుని చేటలో కందులు ఏరుతోంది.

"ఎల్లక్కా, ఒక మాటున్నది. అది బయట వెడితే నీ బిడ్డను నలుగురు నాలుగు తీర్లు అంటరు."

ఎల్లక్క తలెత్తలేదు. "నిరంజన్ ముచ్చటేనా?"

"నీకెరుకేనా?"

"కన్నదాన్ని, ఎరుక లేకుంటదా తమ్మీ. వద్దు బిడ్డా అన్న. పెండ్లి జేసుకుంటనన్నడమ్మా అన్నది. ఈ ఎలక్షన్లలోపు నలుగుర్ల నువ్వే చెప్పాలె, లేకుంటే నేనే చెప్త అని ఆనితోని అన్నదట."

కనకయ్య తను చూసిందంతా చెప్పాడు. మోరీ, సీసా, నురగ, రుమాలు. ఎల్లక్క చేయి చేటలో ఆగిపోయింది. తరువాత ఆమె చేట పక్కన పెట్టింది.

"పేరు కాపాడి ఏం జేసుకుంటనే? పేరేమన్న నాకు బుక్కెడు నీళ్లు పోస్తదా? పోయి చెప్పు."

గడపలో అక్షయ నిలబడి ఉంది. ఎప్పటి నుంచి వింటోందో తెలియదు. ఏడ్చి ఏడ్చి ముఖం ఉబ్బిపోయింది. "తాతా, ఉండు. ఠాణాకు నేను గూడ వస్త" అంది.

ఎస్సై చిన్న వయసువాడు. అంతా విని పెన్ను కింద పెట్టాడు.

"ఇన్ని రోజులు ఎందుకు చెప్పలేదు?"

"చెట్టు మీద సూసింది చెప్పొద్దని మా నాయిన అన్నడు సార్."

"మీ నాయిన ఎక్కడుంటడు?"

"సచ్చిపోయి ముప్పై ఏండ్లాయె."

ఎస్సై నవ్వలేదు. మర్నాడు అదే వేళకు ఇద్దరు కానిస్టేబుళ్లతో కాలువ దగ్గరికి వచ్చాడు. ఒకరిని మోరీ మీద నిలబెట్టి, కనకయ్యను చెట్టు ఎక్కమని, ఏం కనబడితే అది అరిచి చెప్పమన్నాడు. కనకయ్య అలవాటుగా "ఎక్కుతున్నా!" అని కేక వేసి ఎక్కాడు.

"ఎడమ చేతిల ఫోన్ వట్టిండు సార్! జేబుల వెట్టిండు! ఇగో, ముక్కు తుడుసుకున్నడు!"

కానిస్టేబుల్ సిగ్గుపడి చేయి దించాడు. ఎస్సై అంతా రాయించుకున్నాడు. తరువాత సర్కారు తుమ్మలు నరికిస్తే ముళ్ల నడుమ చిన్న సీసా, ఎండకు వెలిసిన రుమాలు దొరికాయి. సీసాలో ఉన్నదీ ఉమ గ్లాసులో ఉన్నదీ ఒకే పురుగుల మందని రిపోర్టు వచ్చింది. కనకయ్య లొట్లలో పట్టిన కల్లు శుభ్రంగా ఉందని ఇంకో రిపోర్టు వచ్చింది. అప్పటికి నిరంజన్ ఊళ్లో లేడు. భూపాలపల్లిలో బొగ్గుబాయి క్వార్టర్లలో ఉండే అక్క ఇంట్లో దొరికాడు. ఉమ పంపిన చివరి మెసేజీలు అతని ఫోన్‌లోనే ఉన్నాయి.

ఊరు అనవలసిన మాటలన్నీ అంది. కొన్నాళ్లు ఉమనే అంది. ఎల్లక్క బోరింగు దగ్గర బిందె పట్టుకుని నిలబడి, గుసగుసలాడే వాళ్ల ముఖంలోకి సూటిగా చూసేది. మెల్లగా మాటలు తగ్గాయి.

జనగామ కోర్టులో కనకయ్య వంతు రావడానికి రెండేళ్లు పట్టింది. ఉతికిన తెల్ల అంగీ వేసుకుని బోనులో నిలబడ్డాడు. నిరంజన్ తరఫు వకీలు పెద్ద గొంతుతో అడిగాడు.

"రోజూ తాగుతవు. ఆ రోజు కూడా తాగే ఉన్నవు. తాగిన కండ్లతో చూసింది నిజమని ఎట్ల నమ్మాలె?"

"దిగినంక తాగుత అయ్యా. తాగి ఎక్కినోడు నా ఈడు దాంక బతకడు."

కోర్టులో ఎవరో నవ్వారు. వకీలు ఊరుకోలేదు.

"నీ కల్లు మీద నింద పోవాలని పదకొండు రోజులు ఆలోచించి ఈ కథ అల్లినవు కదా?"

కనకయ్య జడ్జమ్మ వైపు తిరిగాడు. "పదకొండు దినాలు ఆగుడు నా తప్పే అమ్మా. అంతకన్న పెద్ద తప్పు, ఆ పొద్దు పైనుంచి అడగకపోవుడు. గా తప్పుకు నన్నేమన్నా అనుండ్రి. కానీ సూసింది సూసినట్టే చెప్పిన."

నిరంజన్ తల దించుకునే ఉన్నాడు. ఏడాది తరువాత యావజ్జీవం పడింది. ఆ రోజు ఎల్లక్క కోర్టుకు రాలేదు. కబురు తెచ్చిన కనకయ్యతో, "మంచిగైంది" అని మాత్రం అని, లోపలికి వెళ్లి అతనికి మజ్జిగ తెచ్చి ఇచ్చింది.

మండువాకు జనం ఒక్కరొక్కరే తిరిగి వచ్చారు. అనుమానపడ్డందుకు ఎవరూ ఏమీ చెప్పలేదు, అతను అడగనూ లేదు. వచ్చినవాళ్లకు ఆకు పట్టి పోశాడు, అంతే.

అక్షయ ఇప్పుడు భూపాలపల్లిలో ఒక దవాఖానలో నర్సు. సెలవుకు వచ్చినప్పుడు అమ్మమ్మను చూసి, చెట్ల దగ్గరికి కూడా వస్తుంది. మొన్న వచ్చినప్పుడు బండ మీద కూర్చుని అడిగింది.

"తాతా, గన్నేండ్లు పైనుంచి సూసినవు గద. మా అమ్మ ఎప్పుడన్నా సంతోషంగ ఉన్నట్టు కనబడ్డదా?"

కనకయ్య ఆలోచించాడు. ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పని ముచ్చట ఒకటి ఆమెకు చెప్పాడు. "ఒకపారి ఎవలదో స్కూటీ తెచ్చుకొని కాలువ గట్టు మీద నేర్సుకున్నది బిడ్డా. రెండుమార్లు పడ్డది. మూడోమారు మోరీ దాంక పోయి, సుట్టు ఎవలు లేరని సూసుకొని, రెండు చేతులు ఇడిసిపెట్టి అరిసింది. గట్ల అరిసి నవ్విన మనిషిని నేను మల్ల సూడలే."

అక్షయ నవ్వబోయి ఏడ్చింది. కనకయ్య ఆమె ఏడుపు ఆగేదాకా పక్కనే కూర్చున్నాడు. తరువాత నర్మెట్ట బస్సు ఎక్కించడానికి ఆమె సంచి భుజాన వేసుకుని రోడ్డు దాకా నడిచాడు.

అతని మోకాళ్లు ఇప్పుడు మొరాయిస్తున్నాయి. ఇరవై చెట్లలో పదహారు సంఘంలో వేరేవాళ్లకు ఇచ్చేశాడు. నాలుగు మాత్రం ఉంచుకున్నాడు. కింద మోటారు సైకిల్ ఎక్కడైనా ఆగితే, "ఎవలది? ఏం జేస్తున్నవ్ ఆడ?" అని పైనుంచి గట్టిగా అడుగుతున్నాడు. కొందరికి కోపం వస్తోంది. నోరు లేదని సరోజన మాత్రం ఇప్పుడు విసుక్కోవడం లేదు.