మూల తిరగని వరస

మా ఇంట్లో బంతి భోజనాలకు ఒక కట్టడి ఉండేది. ఎంతమంది వచ్చినా వరసలన్నీ సమానంగా పడాలి. మొదటి వరసలో పన్నెండు ఆకులు పడితే చివరి వరసలోనూ పన్నెండే పడాలి. ఆఖరున ముగ్గురో నలుగురో మిగిలిపోవటం, చోటు చాలక వరసను గోడ దగ్గర మూల తిప్పటం మా ఇంటి పద్ధతి కాదు. "తెగిన వరసలో కూర్చున్నవాడికి ఎంత వడ్డించినా కడుపు నిండదు. తను మిగిలినవాణ్ణన్న సంగతే తింటాడు," అనేవారు తాతగారు.

ఇంకొక కట్టడి కూడా ఉండేది. పిలుపు ఒక్కసారే. మర్యాదగా, ఇంటికి వెళ్ళి, బొట్టు పెట్టి పిలుస్తాం. రామన్నవాళ్ళను రెండోసారి అడగం. బతిమాలటం మా ఇంట్లో ఎవరికీ చేతకాదు.

వీటిని చాదస్తమనేవాళ్ళు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉంటారు. అననివ్వండి. చల్లపల్లి పక్కన మా ఊళ్ళో ఉన్న ఇల్లు పోయింది, పొలాలు పోయాయి, ఆ పోవటానికి దారులు చాలా ఉన్నాయి. ఈ రెండు కట్టడులు మాత్రం మాతో బెజవాడ వచ్చాయి.

వరసలు సమానంగా పడాలంటే ముందు ఎవరో ఒకరు తలలు లెక్కపెట్టి, ఆ సంఖ్య ఎన్నేసి చొప్పున ఎన్ని వరసలవుతుందో చెప్పాలి. ఆ పని మా అక్కయ్యది. నాకు ఆరేడేళ్ళప్పుడు, తనకు పదకొండో పన్నెండో, తాతగారు పెట్టిన ఒక విందుకు తొంభై ఒక్కరు వచ్చారు. రెండు కుదరదు, మూడు కుదరదు, అయిదు కుదరదు. తాతగారి దివాణంలో లెక్కలు రాసే గుమాస్తా చేతులెత్తేసి, ఇంటివాళ్ళలో ఒకరిని లేపి తొంభై చేద్దామన్నాడు. అరుగు మీద చింతగింజలు పేర్చుకుంటున్న అక్కయ్య తల కూడా ఎత్తకుండా, "ఎవర్నీ లేపొద్దు తాతయ్యా. ఏడు కుదురుతుంది. పదమూడేసి ఏడు వరసలు," అంది. తాతగారు గింజల దాకా వెళ్ళి వంగి చూశారు. ఆ రోజు నుంచి లెక్క అక్కయ్యదే.

తను చేసే పద్ధతి చింతగింజలతో మొదలై తరవాత గింజలు లేకుండానే నడిచింది. సంఖ్యను ముందు రెండేసిగా పేర్చి చూడటం, తరవాత మూడేసిగా, నాలుగేసిగా. ఏదైనా కుదిరిందంటే అది ఒంటరిగా రాదు, వెంట ఇంకొకదాన్ని తెస్తుంది. అరవైలో మూడు కుదిరితే ఇరవై దొరుకుతుంది, నాలుగు కుదిరితే పదిహేను, అయిదుకు పన్నెండు, ఆరుకు పది. ఏడు కుదరదు. "ఏడు దాటాక ఇక వెతకొద్దురా," అని నాకు చెప్పేది. "ఆ పైన వచ్చేవన్నీ ఇందాక వచ్చినవాళ్ళ జతగాళ్ళే. పది కనిపిస్తే ఆరు ఎప్పుడో వచ్చి కూర్చునే ఉంటుంది." దేనికీ లొంగని సంఖ్యను మొండిలెక్క అనేది. పదమూడు, పదిహేడు, పందొమ్మిది. వాటిని పేరిస్తే ఒకటే పొడుగు వరస.

నేను బడిలో కారణాంకాలు నేర్చుకుని వచ్చి ఆ మాట చెబితే పడీ పడీ నవ్వింది. "వరసలు పేర్చుకోవటానికి అంత పేరా!"

పదహారో ఏట పెళ్ళి చేసి పంపారు. పందొమ్మిదో ఏట, బావగారు పోయాక, తిరిగి వచ్చింది. వచ్చిన తరవాత కూడా లెక్క తనే చెప్పింది. కాకపోతే అప్పటి నుంచి గుమ్మం లోపలి వైపు నిలబడి చెప్పేది. శుభకార్యాల్లో తనకు ఆకు వేయరు కనక తనను తను కలుపుకునేది కాదు. కలుపుకోమని ఎవరూ అనలేదు. ఒకసారి ముప్ఫై ఆరుమందికి వరసలు చెబుతూ, "దీనిలో ఆరుకు ఎవరూ అక్కర్లేదమ్మా, తనకు తనే జత," అని నవ్వింది. అమ్మ చేతిలో పని అక్కడే పెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

బెజవాడలో మేము ఉన్నది ఏలూరు కాలవకు దగ్గరగా, ఒక పెద్ద ఇంటిలో రెండు గదులూ వసారా ఉన్న వాటా. నేను ఒక ఆఫీసులో గుమాస్తాను. నాన్నగారు ఉదయం ఇస్త్రీ చొక్కా వేసుకుని వసారాలో వాలుకుర్చీలో కూర్చునేవారు, ఎవరో తీర్పుకు వస్తారన్నట్టు. ఎవరూ వచ్చేవారు కాదు. అక్కయ్య దగ్గరికి మాత్రం పక్క వాటాల పిల్లలు ఎక్కాలకు వచ్చేవారు.

డెబ్భైల మొదట్లో నాన్నగారికి షష్టిపూర్తి వచ్చింది. ఇంట్లోనే నలుగురి మధ్య చేసుకుందామంది అమ్మ. నాన్నగారు ఒప్పుకోలేదు. "అరవై ఏళ్ళకు అరవై ఆకులు పడాలి," అన్నారు. కాలవగట్టున ఒక సత్రం మాట్లాడాం. ముందురోజు అక్కయ్యా నేనూ వెళ్ళి హాల్లో చాపలు పరిచి చూశాం. వరసకు పదిహేను ఆకులు పడతాయి, అంతకు మించి పట్టవు. "పదిహేనేసి నాలుగు. అరవై అంత మంచి లెక్క లేదురా, ఎటు తిప్పినా మొహం చాటెయ్యదు," అంటూ అక్కయ్య ఆ ఖాళీ హాల్లో చిన్నపిల్లలాగా చాపల మధ్య ఈ చివర నుంచి ఆ చివరకు నడిచింది.

ఆ రాత్రి అమ్మ నన్ను పక్కకు పిలిచి అంది. "నాకింకే కోరికా లేదురా. దాన్నొక్కసారి బంతిలో కూర్చోబెట్టి, ఆకు నిండా వడ్డిస్తే చూడాలని ఉంది. అది తిరిగి వచ్చి ఎన్నేళ్ళయింది! మీ నాన్నగారికి చెప్పి చూశాను."

"ఏమన్నారు?"

"ఏమీ అన్లేదు. కాదని కూడా అన్లేదు."

తెల్లవారి మా ఊరి నుంచి బస్సు మీద తెప్పించిన అరిటాకులు దిగాయి. సన్నాయి వాయించారు. అమ్మ మెడలో నాన్నగారు మళ్ళీ మంగళసూత్రం కట్టారు. అప్పుడు అక్కయ్య వంటశాల వైపు నుంచి, తలుపు చాటున నిలబడి చూసింది. పదకొండయింది. పన్నెండయింది. నాన్నగారు వీధి గుమ్మం వైపు చూడలేదు. చూడకుండా ఉండటానికి ఆయన ఎంత పట్టుదలగా కూర్చున్నారో ఆ వీపు చూస్తే తెలిసేది.

సంగతి మా మేనమామ తెచ్చాడు. అమ్మకు తమ్ముడు, నోరు ఊరుకోని మనిషి. మైలవరం నుంచి వచ్చాడు.

"ఇంకెవరూ రారండీ బావగారూ. హనుమాన్ జంక్షన్లో మీ పినతండ్రి మనవడి పెళ్ళి కూడా ఇవాళే. రైసుమిల్లు వాళ్ళ సంబంధం. ఊరంతటికీ స్పెషల్ బస్సు వేశారు. మనవాళ్ళంతా పొద్దున్నే ఎక్కేశారు. ఇంకోసారి కబురు పెట్టుంటే కొందరన్నా ఇటు దిగేవాళ్ళేమో."

"పిలిచాం కదా," అన్నారు నాన్నగారు. "ఎవరింటి శుభం వాళ్ళది."

"అదీ నిజమేలెండి. మరి అరవై ఆకులు తెప్పించారు, తలా నాలుగు వేయిస్తారా ఏం?"

"నాలుగు రావు మామయ్యా," అంది అక్కయ్య తలుపు వెనక నుంచి. "మూడూ ముప్పావు వస్తాయి."

"ఓసి నీ లెక్కలు తగలెయ్య! ఆ పావు ముక్క నువ్వే తిను." అందరూ నవ్వారు. నాన్నగారు కూడా కొంచెం నవ్వారు. ఆ హాల్లో ఆ రోజు వినిపించిన నవ్వు అదొక్కటే.

వడ్డనకు వేళయింది. మగవాళ్ళకు వేరే, ఆడవాళ్ళకు వేరే బంతి వేసేటంతమంది లేరు. అందరికీ కలిపి ఒకటే బంతి. నాన్నగారు హాలు మధ్యకు వచ్చి నిలబడి, ఎప్పటిలాగే అడిగారు.

"ఎంతమందిమ్మా?"

"పదహారుమందండి నాన్నగారూ. ఎనిమిదేసి రెండు వేద్దామా, నాలుగేసి నాలుగా?"

"మీ అమ్మనూ నన్నూ కలిపావా?"

"కలిపానండి. పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ కదా."

"నిన్ను?"

అక్కయ్య అర్థం కానట్టు చూసింది. "నేను తరవాత తింటానండి."

"అది కాదు నేనడిగింది. నిన్ను కలిపితే ఎంత?"

అమ్మ కొంగు చివర పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"పదిహేడు," అంది అక్కయ్య.

"అయితే పదిహేడుకు చెప్పు వరసలు."

"పదిహేడుకు వరసలుండవండి నాన్నగారూ. మొండిలెక్క. వేస్తే ఒకటే వరస. హాల్లో పదిహేనే పడతాయి, రెండు మిగులుతాయి."

"మూల తిప్పు."

నాన్నగారి నోట ఆ మాట నేను అంతకుముందు వినలేదు. అక్కయ్య ముఖంలోకి ఏదో వచ్చింది. వచ్చి, నిలిచి, వెళ్ళిపోయింది. మెడ నిటారుగా పెట్టుకుని, ఆయన మాట్లాడినట్టే నెమ్మదిగా మాట్లాడింది.

"తాతగారి రోజుల నుంచీ మన ఇంట్లో వరస మూల తిరగలేదండి. మీ అరవయ్యో ఏట, అదీ నాకోసం తిప్పారని నలుగురూ అనుకోవద్దు. వద్దు నాన్నగారూ. కూర్చోండి, అన్నం చల్లారిపోతోంది."

ఆ మెడ ఆయనదే. ఆ మాటా ఆయన నేర్పినదే. నాన్నగారు ఆమెను చూస్తూ కొంతసేపు నిలబడ్డారు. ఇంకొక్క మాట అంటారని మేమంతా ఎదురుచూశాం. మా ఇంట్లో రెండోసారి అడగరు. ఆయన వెళ్ళి తన ఆకు ముందు కూర్చున్నారు. ఎనిమిదేసి రెండు వరసలు వేశాం. చక్కగా, తాడు పట్టి గీసినట్టు పడ్డాయి. ఆయన మొదటి ముద్ద ఎత్తేదాకా ఎవరూ తినరు కనక ఎత్తారు. అమ్మ ఆకులో వడ్డించిన పప్పు వడ్డించినట్టే ఉండిపోయింది.

అందరూ లేచాక అక్కయ్య వంటశాలలో గోడకు ఆనుకుని ఒక ఆకు వేసుకుని తింది. వెళ్ళేటప్పుడు మిగిలిన ఆకులను రిక్షాలో ఒళ్ళో పెట్టుకుని, ఏమీ జరగనట్టే అంది. "నలభై మూడురా. ఇదీ మొండిదే."

ఆ మరుసటి ఏడాది వానాకాలంలో అక్కయ్యకు కామెర్లు వచ్చాయి. నేలవేము కషాయం తాగించాం, ఆసుపత్రికి తీసుకువెళ్ళాం. తిరిగి తెచ్చుకున్నాం, కాని మనిషి కోలుకోలేదు. ఒక మధ్యాహ్నం అమ్మ కాళ్ళు పడుతోంది, నేను పక్కన కూర్చున్నాను. అక్కయ్య పైకప్పు పెంకుల వైపు చూస్తూ ఉంది. బహుశా లెక్కపెడుతూ ఉందేమో.

"ఆ రోజు సత్రంలో పులిహోర బాగా కుదిరింది కదమ్మా," అంది ఉన్నట్టుండి.

"కుదిరిందే."

"నాన్నగారు ఇంకోసారి అంటారేమో అనుకున్నాను. అంటే కూర్చునేదాన్ని."

మామూలుగా అంది. బస్సు కాస్త ఆగుంటే ఎక్కేదాన్ని అన్నట్టు. అమ్మ చేతులు ఆగిపోయాయి. వసారాలో వాలుకుర్చీ కిర్రుమనటం ఆగింది. మా వాటాలో గదికీ వసారాకీ మధ్య ఉన్నది ఒక చెక్క తలుపు, అదీ తెరిచే ఉంది. నేను అటు చూడలేకపోయాను. తరవాత చాలాసేపటికి కుర్చీ మళ్ళీ కిర్రుమంది.

ఆయన లేచి లోపలికి వస్తే బాగుండేది. రాలేదు. ఏమని వస్తారు? అడగవలసిన చోటు వేరు, వేళ వేరు. అక్కయ్య ఇంకో వారం కూడా లేదు.

పెద్దకర్మ మా వాటాలోనే జరిగింది. చుట్టాలు కొద్దిమందే. ఎక్కాలు నేర్చుకున్న పిల్లల తల్లిదండ్రులు వచ్చారు, పిల్లలు వచ్చారు. భోజనాల వేళ నాన్నగారు గది మధ్యకు వచ్చి నిలబడ్డారు.

"ఎంతమంది?"

అలవాటుగా అడిగారు. జవాబు చెప్పే మనిషి లేదు. నేనే లెక్కపెట్టాను.

"పద్ధెనిమిదిమందండి." వరసలు కూడా చెప్పాను. "ఆరేసి మూడు."

"అమ్మాయిని కలిపావా?"

"నాన్నగారూ..."

"అమ్మాయికి ఆకు వెయ్యాలి. పందొమ్మిది."

పందొమ్మిది ఏమిటో ఆయనకు తెలుసు. నాకు తెలుసు. గదిలో వరసకు ఏడు పడితే ఎక్కువ. నేను కదలలేదు.

"ఒకటే వరస వెయ్యి," అన్నారు. "మూల తిప్పు."

వరస గోడ వెంట వెళ్ళి, మూల తిరిగి, ఇంకో గోడ వెంట నడిచి, గుమ్మం దాటి వసారాలోకి వెళ్ళింది. ఆ మొదటి మూల దగ్గర అక్కయ్య ఆకు వేశాను. అమ్మ వచ్చి వడ్డించింది. అన్నం, పప్పు, కూర, చివరికి పులిహోర, ఆకు నిండా.

మిగిలినవాళ్ళంతా కూర్చున్నారు. నాన్నగారు కూర్చోలేదు. ఆ మూల దగ్గరికి వెళ్ళి, ఖాళీ పీట ముందు నిలబడి, "కూర్చోమ్మా," అన్నారు.

ఎవరూ తల ఎత్తలేదు. వసారాలో ఒక పిల్లవాడు ఏదో అడగబోతే వాళ్ళమ్మ నోరు మూసింది.

కాసేపాగి నాన్నగారు వంగారు. ఆ వీపు వంగటం నేను చూసింది అప్పుడే.

"కూర్చో తల్లీ," అన్నారు, రెండోసారి.