సిరి దాచిన చేప రాయి

దయ్యాలూ గాలీ ధూళీ నేనెప్పుడూ నమ్మలేదు. సందెవేళ పిల్లని బయట తిప్పొద్దని మా అత్తగారు అంటే ఆవిడతో వాదన వేసుకునేదాన్ని. ఇప్పటికీ ఎవరైనా ఇలాంటివి చెబితే నాకు ముందు అనుమానమే. కాబట్టి మీరు నమ్మకపోయినా నేనేమీ అనుకోను.

జంషెడ్‌పూర్‌లో మేం మొదట సిద్ధగోరాలో, మా మామగారి పేరున కంపెనీ ఇచ్చిన క్వార్టర్‌లో ఉండేవాళ్ళం. కాలనీలో తల్లులం కొందరం పిల్లలతో ఒక ఆట మొదలుపెట్టాం. సువర్ణరేఖ నది ఒడ్డున నున్నటి రాళ్ళు ఏరుకొచ్చి, ఆదివారం ఇంటిల్లిపాదీ కూర్చుని రంగులు వేసి, ఊళ్ళో ఎక్కడైనా దాచడం. దొరికినవాళ్ళు ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టి, రాయిని ఇంకోచోట దాచాలి. చూస్తుండగానే ఆ ఆట ఊరంతా పాకింది.

మా సిరికి అప్పుడు ఏడేళ్ళు. ఆ ఆటంటే పిచ్చి దానికి. రంగునీళ్ళు గచ్చంతా ఒలకబోసి నాచేత తిట్లు తినేది. నేను తెలుగులో తిడితే అది హిందీలో జవాబు చెప్పేది.

అది ఆఖరున వేసింది నీలం చేప. ఎర్రరంగు అయిపోతే నా లిప్‌స్టిక్ తీసుకుని చేపకి మూతి పెట్టింది. గోవింద్‌పూర్‌లో మా ఆడపడుచు ఇంటికి వెళ్ళినప్పుడు అక్కడి పార్కులో దాచి, "ఛుపా దియా, మమ్మీ" అంది. ఎక్కడో ఎవరికీ చెప్పొద్దని నాచేత ఒట్టు వేయించుకుంది.

ఆ వానాకాలం దానికి జ్వరం వచ్చింది. ఆసుపత్రికి తీసుకెళ్ళాం. మళ్ళీ ఇంటికి తెచ్చుకోలేకపోయాం. ఆ సంగతి ఇంతకన్నా రాయలేను.

తర్వాత మామగారు రిటైరయ్యారు. క్వార్టర్ అప్పజెప్పి, నది అవతల మాంగోలో అద్దె ఇంట్లో దిగాం.

సామాను ఇంకా సర్దుకుంటూనే ఉన్నాం, గ్రూపులో చేప రాయి ఫోటో వచ్చింది. గోవింద్‌పూర్‌లో ఒకావిడకి దొరికిందట. ఫోన్ చేస్తే, ఆ పార్కులోనే వేరే చెట్టు కింద పెట్టానంది. తర్వాతి ఫోటో గోల్‌మురి నుంచి వచ్చింది. అక్కడ దొరికినాయన దాన్ని సాక్చీ తీసుకెళ్ళి దాచానన్నాడు. కానీ ఆ తర్వాత అది కనబడింది సాక్చీలో కాదు, అగ్రికోలో.

ఊరు తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు, అది గోవింద్‌పూర్ నుంచి సిద్ధగోరాలో మా పాత క్వార్టర్‌కి వచ్చే దారి. ఎవరో పిల్లలు మార్చి ఉంటారని సరిపెట్టుకున్నాను. అయినా ఫోటో వచ్చినప్పుడల్లా చేతిలో పని వదిలేసి దాన్నే చూస్తూ కూర్చునేదాన్ని.

తర్వాత మా పాత క్వార్టర్‌లో దిగిన బిహారీ ఆవిడ ఫోన్ చేసింది. ఆవిడకి మా ఆట సంగతే తెలియదు. గుమ్మం మీద ఎవరో రంగు రాయి పెట్టి పోతున్నారనీ, గేటు బయట పెట్టినా తెల్లారేసరికి మళ్ళీ గుమ్మం మీదే ఉంటోందనీ, ముందు ఉన్నవాళ్ళం గనక ఎవరి పనో మాకేమైనా తెలుసా అనీ విసుక్కుంది.

మా ఆయన స్కూటర్ మీద వెళ్ళి తెచ్చారు. అదే చేప, అదే మూతి. దేవుడి దగ్గర పెట్టి, గుండెలు బాదుకుని ఏడ్చాను. మర్నాడు పొద్దున్న చూస్తే రాయి లేదు. వేసిన తలుపు వేసినట్టే ఉంది. ఇల్లంతా వెతుకుతుండగానే ఆవిడ ఫోను, మళ్ళీ గుమ్మం మీదే ఉందని.

మా ఆయన పిల్ల పోయినప్పుడు కూడా నా ఎదురుగా కంటతడి పెట్టలేదు. ఆ పొద్దున్న మాత్రం గోడకి చేరగిలబడిపోయారు. "పిల్లకి ఈ ఇల్లు తెల్దు కదే. అదెప్పుడు చూసిందేటి" అన్నారు.

నేను ఇంక ఏమీ ఆలోచించలేదు. సిద్ధగోరా వెళ్ళి, రాయిని కొంగులో పెట్టుకుని, ఆటో ఎక్కకుండా నడిచాను. దారి పొడుగునా చెబుతూనే ఉన్నాను. ఇదిగో వంతెన తల్లీ, కింద నీ రాళ్ళ నదే. ఇది కూరల బజారు, జనం ఎక్కువ, నా చెయ్యి వదలకు. ఇక్కడ కుడి చేతివైపు తిరగాలి. ఈ మెట్లు ఎక్కితే మన ఇల్లే. వంతెన మీద జనం నాకు పిచ్చెక్కిందనుకుని తప్పుకుని పోయారు. అనుకోనీ.

ఆ రోజు నుంచి రాయి కదల్లేదు. దేవుడి దగ్గరే ఉంది. "వచ్చీసిందిలే" అంటారు మా ఆయన, తృప్తిగా.

అది ఎలా వచ్చిందో, ఎవరు తెచ్చారో నాకు ఈనాటికీ తెలియదు. తెలిసినవాళ్ళు చెబితే వింటాను. నాకు తెలిసింది ఒక్కటే. అది తిరిగినన్నాళ్ళూ నా పిల్ల ఈ ఊళ్ళో ఎక్కడో నడుస్తోందనుకున్నాను. రోజూ పొద్దున్నే లేచి, ఇవాళైనా రాయి కాస్త పక్కకి జరిగిందేమోనని చూస్తాను. పెట్టినచోటే ఉంటుంది, ఏ రాయైనా ఉన్నట్టే.