‘ఇక పొమ్ము’కు విశేషం

కర్నూలు కాలేజీలో ఇంటర్మీడియట్ చదివే రోజుల్లో నన్ను ఏడిపించినవి లెక్కలూ కావు, ఇంగ్లీషూ కాదు. తెలుగు. అందులోనూ సందర్భ వాక్యాలు. మాకు ఒక పాత విషాద నాటకం పాఠంగా ఉండేది. అందులోంచి ఒక ముక్క ఇచ్చి, ఎవరు, ఎవరితో, ఎప్పుడు అన్నారో రాయమనేవారు. అక్కడితో వదిలేవారా, చివర ‘విశేషం’ అని వేరే రాయాలి. మొదటివన్నీ బట్టీ పట్టేదాన్ని. విశేషం దగ్గరికొచ్చేసరికి నా కలం మొండికేసేది. నాటకంలో రాజు తమ్ముడు చచ్చాడు, రాజూ చచ్చాడు, ఇంకా విశేషం ఏముంటుందని ఒళ్ళు మండేది.

అర్ధసంవత్సర పరీక్షలో తెలుగు తప్పాను. నేను ఉండి చదువుకునేది మా మేనత్త ఇంట్లో. తెలుగు పిల్ల తెలుగులో తప్పడమేమిటని ఆమె నవ్వింది. ఆలూరు పక్క పల్లెలో సేద్యం చేసే మా నాయన నవ్వలేదు. ఆ ఏడు వానల్లేక పత్తి ఎండిపోయింది. ఆడపిల్లను కాలేజీకి పంపావని ఊళ్ళో తలా ఒక మాట అంటున్నారు. సెలవులకు వెళితే, చదివింది చాలు, ఇక ఇంట్లో ఉండమన్నాడు. నేను అన్నం ముట్టలేదు. అమ్మ నా పక్షం చేరింది. చివరికి ఆయన దిగొచ్చాడు గానీ, పెద్ద పరీక్షలో తప్పితే మళ్ళీ కర్నూలు పేరెత్తకూడదని ఖరాఖండిగా చెప్పాడు.

నన్ను బస్సెక్కించడానికి ఆలూరు దాకా వచ్చాడు. బస్సు కదలబోతుంటే కిటికీలోంచి, పోయొస్తా నాయనా అన్నాను. ఆయన ఎటో చూస్తూ, “పో” అన్నాడు.

మా వైపు ఎవరూ అలా అనరు. బావికి నీళ్ళకు పోయే మనిషిని కూడా పోయిరా అనే అంటారు. పక్కన ‘రా’ లేకుండా ఉత్త ‘పో’ అన్నామంటే ఆ మనిషి మనకు అక్కర్లేదని అర్థం. బస్సు కదిలింది. నేను ఏడుపు మింగుకుంటూ కూర్చున్నాను.

మలుపు దగ్గర ఎద్దుల బండ్లు అడ్డమొచ్చి బస్సు నెమ్మదించింది. వెనక రేకు మీద ఎవరో దబదబా బాదుతున్నారు. తొంగి చూస్తే మా నాయన. పై పంచె జారిపోయింది, మోకాళ్ళ దాకా దుమ్ము. కండక్టరు తల బయటపెట్టి, “ఏమప్పా, ఏం మరిచిపోతివి?” అని అడిగాడు. మా నాయన నా కిటికీ కడ్డీ పట్టుకుని, రొప్పుతూ, “పోయిరా పాపా” అన్నాడు.

దీని కోసరమా బండి నిలిపిస్తివని కండక్టరు కర్నూలు దాకా గొణుగుతూనే ఉన్నాడు. ఆ గొణుగుడు నాకు సన్నాయి మేళంలా వినిపించింది.

సెలవుల తర్వాత తెలుగు సార్ ఆ నాటకంలో కోట వాకిలి ఘట్టం ఎత్తుకున్నారు. ఆయన కృష్ణా జిల్లా వైపు నుంచి వచ్చినవారు. శత్రువులు కోటను ముట్టడించి ఉండగా తలుపు తీసినవాడికి దేశబహిష్కారమని రాజు చట్టం చేస్తాడు. బయట చిక్కుకున్న రైతుల కోసం సొంత తమ్ముడే తలుపు తీస్తాడు. వాణ్ణి వాకిలి దాటిస్తూ రాజు అనే మాట, “ఇక పొమ్ము”. విశేషం ఏమిటని సార్ అడిగారు. రాజు ఆగ్రహం వ్యక్తమవుతోందని మగపిల్లలు గైడులో ఉన్నట్టే అప్పజెప్పారు. నేను ఎప్పుడు లేచి నిలబడ్డానో నాకే తెలియదు.

“కోపం గాదు సార్. కోపంలో పో అన్నోడు ఎనకాలే ఉరికొచ్చి రా అని చెప్తాడు. ఈ రాజు ఉరకల్లంటే ఆయన చేసిన చట్టమే అడ్డం ఉండాది. రా అంటే అబద్ధమైతాది. అందుకే పొమ్ము అని అంతటితో నిలిపినాడు.”

నా యాసకు వెనక బెంచీలు పకపకా నవ్వాయి. సార్ నవ్వలేదు. మళ్ళీ చెప్పమ్మా, నెమ్మదిగా చెప్పు, అందరూ రాసుకుంటారు అన్నారు. నవ్విన వాళ్ళే తలలు వంచుకుని రాసుకున్నారు. ఆ రోజు ఆయన నన్ను కూర్చోమని ఉంటే ఆ తర్వాత నేను ఏ తరగతిలోనూ నోరు విప్పి ఉండేదాన్ని కాదు. ఇన్నేళ్ళుగా పాఠాలు చెప్పి బతుకుతున్నాను. ఆయన పెట్టిన భిక్షే ఇది, ఎక్కడైనా చెబుతాను.

పెద్ద పరీక్షలో ‘ఇక పొమ్ము’ రానేలేదు. వేరేవి వచ్చాయి. అయితేనేం, విశేషం ఎక్కడ వెతకాలో అప్పటికి తెలిసింది. అనాల్సింది అనకుండా మనిషి ఎక్కడ ఆగాడో చూడటమే. అదనపు కాగితాలు అడిగి మరీ రాశాను. గట్టెక్కాను.

కాలేజీ తెరిచే నాటికి మళ్ళీ ఆలూరు బస్టాండు. నా ట్రంకుపెట్టె ఇంకా బస్సు పైకి ఎక్కనే లేదు, మా నాయన గొంతు సవరించుకున్నాడు.

“బస్సు ఎనక ఉరికే ఓపిక నాకు ల్యాదు పాపా. ముందే చెప్తాండా. పోయిరా.”

పెట్టె పైకెక్కించే హడావిడిలో నేను చెప్పాల్సింది చెప్పకుండానే బస్సెక్కేశాను. ఈసారి బస్సు కదిలాక కిటికీలోంచి తల బయటపెట్టి, పోయొస్తా నాయనా అని ఊరంతా వినేలా అరవాల్సింది నేనే అయింది.