అగరుబత్తితో మొదలయ్యే కాగితం

శ్రావణి మంచి పిల్ల. ఆ మాట నా నోటితో చెప్పడం కష్టంగా ఉంది, ఎందుకంటే ఆ పిల్లంటే నాకు కడుపుమంట.

రేపల్లెలో ముత్తయ్య గారి డిజైన్ సెంటర్‌లో నాది పంతొమ్మిదేళ్ల ఉద్యోగం. నేతగాళ్లు చీర అంచు బొమ్మ తెస్తే, కంప్యూటర్లో గళ్లు నింపి, ఆ బొమ్మ ప్రకారం మగ్గానికి చిల్లుల అట్టలు కొట్టిస్తాం. ఆ ప్రోగ్రాం పాత విండోస్‌లోనే నడుస్తుంది. అందుకని కొత్త కంప్యూటర్ కొన్నప్పుడు దాని లోపల వర్చువల్ మెషీన్, అంటే కంప్యూటర్లో ఇంకో కంప్యూటర్ లాంటిది పెట్టి, అందులో పాత విండోస్ ఉంచారు. రోజూ పొద్దున్నే దాన్ని లేపి, అట్టల మెషీన్‌కి డిజైన్లు పంపే సర్వీసులన్నీ వరసగా మొదలుపెట్టేది నేనే. నేను వచ్చేదాకా నేతగాళ్లు అరుగు మీద కూర్చునేవాళ్లు. "లింగం బాబాయ్ వచ్చాడు" అంటూ లేచేవాళ్లు. వాళ్లలా లేస్తుంటే నాకెంత బాగుండేదో!

వడ్లమూడిలో చదివొచ్చిన శ్రావణి పనిలో చేరిన మూడో వారానికే దానికి ఎసరు పెట్టింది. స్విచ్ వేస్తే చాలు, అన్నీ వాటంతటవే మొదలయ్యేలా చేసింది. ముత్తయ్య గారు మురిసిపోయి, "ఇన్నాళ్లూ నీకీ ముక్క తట్టలేదేంటయ్యా?" అన్నారు. నాకు ఒళ్లు మండిపోయింది.

బాపట్లలో పెళ్లికి వెళ్లే ముందు రోజు, అందరూ భోజనాలకి వెళ్లినప్పుడు, ఆ ఆటోమేటిక్‌లన్నీ తీసేశాను. రేపు నాకు ఫోన్ చెయ్యక ఏం చేస్తుందిలే అనుకున్నాను. పెళ్లిలో ఫోన్ విస్తరి పక్కనే పెట్టుకుని తిన్నాను. ఒక్కసారీ మోగలేదు.

సాయంత్రం సెంటర్‌కి వెళ్తే అట్టల మెషీన్ టకటకా కొడుతోంది. గదంతా అగరుబత్తి వాసన.

"పొద్దున ఏదీ మొదలవలేదండి బాబాయ్," అంది శ్రావణి. "గోడ మీద మీ కాగితం చూసి చేశాను."

పొద్దున ఏది తర్వాత ఏది మొదలుపెట్టాలో మర్చిపోతానేమోనని మొదట్లో నేను రాసి అంటించుకున్న కాగితం అది. అగరుబత్తి వెలిగించాలి అన్నది మొదటి లైను. స్విచ్ ఆ తర్వాతే.

"అగరుబత్తి కూడా ఎందుకమ్మా?"

"ఏది వదిలేస్తే ఏది ఆగిపోతుందో నాకేం తెలుసండి? మీరు ఇన్నేళ్లు అలాగే చేశారు కదా." తర్వాత గొంతు తగ్గించింది. "ఆటోమేటిక్ ఎవరో తీసేశారు బాబాయ్. సార్‌కి చెప్పలేదు. మళ్లీ పెట్టమంటారా?"

నన్ను అడగాల్సిన పనేంటి ఆ పిల్లకి? సిగ్గుతో చచ్చిపోయాను. కడుపుమంట మాత్రం తగ్గలేదు, ఇప్పుడు ఆ పిల్ల మంచితనం మీద కూడా మొదలైంది. కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాను.

"పెట్టు. ఎలాగో నాకూ చూపించు," అన్నాను. "తీయడం వచ్చింది గానీ, పెట్టడం రాదు నాకు."